చెవుల బాబాయి, సూదిపిట్ట

తన తమ్ముడు కథ చెప్పడానికి గొంతు సవరించుకుంటే చాలు, టీకొట్టు అక్క స్టవ్ మంట తగ్గించేస్తుంది. ఇక ఎవరూ లేచి వెళ్ళరు, టీ మెల్లగా మరిగినా పర్వాలేదు.

ఆ తమ్ముణ్ణి అందరూ చెవుల బాబాయి అంటారు. ఏటా పిట్టలు గూళ్ళు కట్టే కాలంలో, తెల్లవారకముందే లేచి, ఎప్పుడూ నడిచే దారిలోనే నడిచి, ఎప్పుడూ ఆగే చోట్లే ఆగి, ఆగిన ప్రతిచోటా మూడు నిమిషాలు నోరు మూసుకుని నిలబడి, కనిపించిన పిట్టనూ వినిపించిన పిట్టనూ రాసి పిట్టల లెక్కలు చూసే ఆఫీసుకి పంపడం ఆయన పని. జీతం లేదు, గొప్ప మాత్రం బోలెడు. ఒక్క ఏటి లెక్కతో ఏమీ తేలదట. ఏళ్ళ తరబడి అదే దారిలో లెక్కపెడితేనే ఏ జాతి పెరుగుతోందో, ఏది తరిగిపోతోందో తెలుస్తుందట. ఇంత పెద్ద లోకంలో పిట్టల బాగోగులు కూడా ఏటా కనుక్కునేవాళ్ళు ఉన్నారా అని అక్కకి ఇప్పటికీ వింతే.

ఈ ఏటి నడక రేపు పొద్దున. మొదటి మజిలీ ఈ కొట్టు ముందే. అందుకే పిట్టల ఆఫీసు మేడం ఈ సాయంత్రమే వచ్చేసింది. బాబాయి రాకముందే అక్కతో మెల్లగా చెప్పింది.

"మూడేళ్ళుగా మీ తమ్ముడుగారి లెక్కలో సూదిపిట్ట సున్నా అండీ. రేపు కూడా సున్నా వస్తే ఈ దారిలో ఆ పిట్ట లేదని రాసెయ్యాలి. అప్పుడిక ఈ కాలవగట్టు ముళ్ళపొదలు నరకొద్దని మేం అడ్డుపడలేం."

టీ వడపోస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది. సూదిపిట్ట లేకపోవడమేమిటి! బొటనవేలంత ఒళ్ళు, సూదిమొనంత గొంతు, రోజూ ఈ పొదల్లోంచే పిలుస్తుంది. తమ్ముడు రాస్తూనే ఉన్నాడని కదా తను ఇన్నాళ్ళూ అనుకుంది! అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కెటిల్ ఈల వేసినా వాడు తిరిగి చూడడు. ఈల వేసిందని ఎవరైనా చెబితే "ముందే విన్నాగా" అంటాడు. నలుగురిలో ఎలా చెప్పడం? ఆ చెవుల మీదే కదా వాడి పేరంతా. చెప్పకపోతే పొదలు పోతాయి, పిట్టా పోతుంది.

ఈలోగా బాబాయి వచ్చి కూర్చోవడమూ, రోజూ టీకొచ్చే పోస్టుమాన్ ఆయన్ని కథలోకి ఎగదొయ్యడమూ అయిపోయాయి.

"బాబాయ్, ఆ మంచు కురిసిన పొద్దుటి సంగతి మేడంగారికి చెప్పావా?"

"ఎందుకులేవోయ్, చిన్న విషయం," అంటూనే బాబాయి బల్ల మధ్యకి జరిగాడు. "ఏం లేదు మేడం, ఆ ఏడు లెక్క రోజున మంచు కమ్మేసింది. నా చెయ్యి నాకే కనపడలేదు. ఇంకొకడైతే ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసేవాడు. నేను కళ్ళు మూసుకుని చెవులతోనే లెక్క పూర్తిచేశా. అంతే."

"నిజమే, చెయ్యొచ్చు," అంది మేడం.

ఆవిడ ఒప్పుకోవడమే తప్పయింది.

"అంతే అంటే అంతే కాదనుకోండి. వంతెన మీద ఆగానా, కొండ అవతల ఏదో టక్కు టక్కుమంటోంది. వడ్రంగిపిట్ట అనుకున్నారా? కాదు! గువ్వ గుడ్డులో పిల్ల లోపల్నించి పెంకు కొడుతోంది. అదీ ఎడమవైపు నుంచి. ఎడమచేతి వాటం పిల్ల."

"పిట్టకి చెయ్యెక్కడిది బాబాయ్?"

"ఎడమరెక్క వాటం, సరేనా? మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క గుడ్డులోది 'నేనే ముందు పుడతా' అని దీనితో తగువు. తల్లి చూస్తే మేతకెళ్ళింది. ఇక నేనే ఇటునుంచి కేకేశా, 'ఒరేయ్, పెద్దవాణ్ణి ముందు రానివ్వండిరా' అని. టక్కున ఊరుకున్నాయి."

పొదలోంచి సన్నగా "స్సీ... స్సీ..." అని వినిపించింది. అక్క తమ్ముడి మొహం చూసింది. రెప్ప కూడా కదల్లేదు.

"అక్కడితో ఆగితే నేను చెవుల బాబాయిని ఎందుకవుతా! ఇంకాస్త రిక్కించేసరికి, ఇంకా పెట్టని గుడ్లు కూడా వినపడ్డాయి. ఎండు కొమ్మ మీద మగపిట్ట ఆడపిట్టని బతిమాలుతోంది, 'వచ్చే ఏడు ఇక్కడే కడదామే' అని. అదేమో 'మీ అమ్మ గూటికి దూరంగా అయితేనే' అంటోంది. ఇంకేం, వచ్చే ఏటి లెక్క కూడా ఆ పొద్దున్నే రాసేశా. ఆపై ఏటిది కూడా. మనవలు, ముని మనవలు, వాళ్ళ అల్లుళ్ళతో సహా! మంచు విడేసరికి నాకు పళ్ళూడే దాకా లెక్కలు తయారు. ఒక్కసారే పంపితే ఆఫీసువాళ్ళు కంగారుపడతారని ఏడాదికొకటి చొప్పున వదులుతున్నా!"

పోస్టుమాన్‌కి టీ పొలమారింది. మేడం కళ్ళు తుడుచుకుని, "అయితే రేపటి లెక్కా మీ దగ్గర ఉన్నట్టే. సూదిపిట్టలు ఎన్ని బాబాయిగారూ?" అంది.

బాబాయి గొంతులో ఊపు తగ్గింది. "సున్నా. అది పోయింది మేడం. ఎంత ముద్దుగా ఉండేదో! రూలు మూడు నిమిషాలే గానీ, ఆ పొద దగ్గర కాళ్ళు పీకేదాకా నిలబడతా. నా చెవులకే దొరకలేదంటే ఈ భూమ్మీద లేనట్టే."

అప్పుడే ఆ పిట్ట ఎగిరొచ్చి సరిగ్గా ఆయన నెత్తికి పైన, కొట్టు రేకు కప్పు అంచున వాలింది. అక్క స్టవ్ ఆపేసింది.

"ఒరేయ్, మొదటి మజిలీ ఇక్కడేగా. ఇప్పుడే ఒకసారి చేసి చూపించరా మేడంకి. మూడు నిమిషాలు నోరు మూసుకోవడం నీకు చేతనవునో కాదో మేమూ చూస్తాం."

"ఎంత మాట!" బాబాయి లేచి నిలబడి, చెవుల వెనక చేతులు దొప్పలుగా పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. అంతా ఊరుకున్నారు. పైన "స్సీ... స్సీ... స్సీ..." ఆగకుండా. పోస్టుమాన్ తల పైకెత్తాడు. మేడం కూడా ఎత్తింది.

బాబాయి కళ్ళు తెరిచాడు. "విన్నారా? ఏమీ లేదు. సున్నా!"

ఎవరూ నవ్వలేదు.

"పైకి చూడరా నాన్నా," అంది అక్క.

చూశాడు. ఇసుమంత ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు దగ్గర ఈకలు వణుకుతున్నాయి.

"అక్కా... అరుస్తోందా?"

"నువ్వు గుడ్ల తగువు తీర్చేటప్పటి నుంచీ అరుస్తూనే ఉందిరా. మూడేళ్ళుగా ఎక్కడికీ పోలేదు. అంత సన్న గొంతు నీ చెవికి అందట్లేదు, అంతే."

ఏదో అనబోయిన పోస్టుమాన్ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బాబాయి చాలాసేపు ఆ పిట్టనే చూశాడు. వీడిప్పుడు తల దించుకుని ఇంటికి వెళ్ళిపోతాడేమోనని అక్క భయపడింది.

"అయితే అది ఉందన్నమాట!" బాబాయి మొహం ఒక్కసారి విచ్చుకుంది. "ఉంది మేడం, ఉంది! ఆ సున్నాలు కొట్టెయ్యండి!"

"పాతవాటి పక్కన ఈ సంగతి రాస్తాం బాబాయిగారూ. రేపటి నుంచి మాత్రం సన్న గొంతులు వినేవాళ్ళు ఒకరు మీతో నడవాలి."

అందరూ అక్క వైపు తిరిగారు.

"నేనా? మరి కొట్టో?"

"టీ నేను కాస్తాలే," అన్నాడు పోస్టుమాన్.

బాబాయి అప్పటికే మేడం పక్కకి జరిగి కూర్చున్నాడు. "మా అక్క చెవులంటే ఏమనుకున్నారు మేడం! ఏదో కుటుంబం కాబట్టి నాకు కాస్త అబ్బింది గానీ, అసలు సరుకంతా ఆవిడ దగ్గరే ఉంది. చిన్నప్పుడు ఒకసారి మంచు కురిసింది చూడండీ..."

అక్క స్టవ్ మళ్ళీ వెలిగించి, మంట తగ్గించింది.