తలలో దూది

(నూలు మిల్లులో షిఫ్టు దిగి మొగుడు ఇంటికొచ్చాడు. పెళ్లాం ఎప్పటిలాగే గుమ్మం ముందు పీట వేసింది.)

“పీట తీసెయ్. తల నేనే దులుపుకుంటా.”

“పాతికేళ్లుగా లేని సిగ్గు ఇవాళ పుట్టుకొచ్చిందా? కూర్చోవయ్యా. చిరిగిన దిండులా ఉన్నావ్.”

“ముట్టుకోవద్దన్నానా!”

“అరవకు. లోపల అమ్మాయి ఇప్పుడే నిద్రపోయింది. ఐదో నెల, ఒకటే నీరసం... అవునూ, మన రక్తపరీక్ష ఏమైంది? డాక్టరమ్మ మిల్లుకొస్తానందిగా?”

“వచ్చింది.”

“వచ్చి?”

“కాసిని మంచినీళ్లివ్వు.”

“ముందు చెప్పు. నీళ్లెక్కడికీ పోవు.”

“దూది దుమ్ము ఊపిరితిత్తులతో ఆగదంట. ఒంట్లో జన్యువులుంటాయంట, పోగుల్లాగా. నావి అక్కడక్కడా తెగాయంది.”

“అయ్యో! అతుక్కోవా?”

“కొన్ని అతుకుతాయంట. కొన్ని...”

“మరి నాది? దుమ్ము సోకని మనిషి రక్తం పక్కన పెట్టి చూడాలనేగా నాది తీసుకున్నారు?”

“నీది పనికిరాదంది.”

“ఏం, నా రక్తానికేం రోగం?”

“నవ్వకే. నీవీ నాలాగే తెగున్నాయంట. ఈవిడ ఏ సెక్షన్‌లో పనిచేసేదని నన్నడిగింది.”

“నేనా? నేను మిల్లు గేటన్నా చూశానా!”

“అదే చెప్పా.”

“మరి?”

“...మిల్లులో స్నానాల గది ఉంది.”

“ఉంటే?”

“అందరూ తలారా కడుక్కుని, బట్టలు మార్చుకుని ఇళ్లకెళ్తారు. నీతో లేదని చెప్పా. నువ్విలా పీట వేసి, తలలో దూది ఏరుతుంటే... ఆ కాసేపటి కోసం. తిట్టు. తిట్టవేం?”

“ఏమని తిట్టను? గదుందని నాకు తెలుసు.”

“తెలుసా?”

“ఎదురింటాయనదీ మీ మిల్లేగా. రోజూ తడి తలతో మన ముందు నుంచేగా పోయేది.”

“మరి అడగలేదేం?”

“అడిగితే నువ్వూ తడి తలతోనే వస్తావుగా. ఇది... పిల్లలకి వస్తుందంటా?”

“వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం అంది. ఇంట్లో ఇంకెవరైనా ఆ దూది ముట్టుకునుంటే పరీక్షకి తీసుకురమ్మంది. ఎవరూ లేరన్నా. లేరుగా?”

“పొయ్యి మీద కూరున్నప్పుడు... నీ వెనక నా బదులు అమ్మాయిని నిలబెట్టేదాన్ని. నువ్వు కళ్లు మూసుకుని నావే అనుకున్న చేతులు, సగం రోజులు దానివే.”