ఆఠీను ఆసు

మెల్‌బోర్న్‌లో ఒమాహా పేకాట పోటీ ఫైనల్‌కి విరామం ఇచ్చారు. వసుంధర కాఫీ తాగుతుంటే, అదే టేబుల్ మీద ఆమెతో ఆడుతున్న తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“అక్కా, నిజం చెప్పు. ఇందాక పందెం చిప్స్ అన్నీ ముందుకి తోసేశావే, నీకు ఫ్లష్ ఉందా?”

“ముందు నీకేం ఉందో చెప్పు.”

“టేబుల్ మీద మూడు ఆఠీన్లు, నా చేతిలో రాజుతో కలిపి రెండు. ఐదూ ఒకే రంగు, నాదీ ఫ్లషే. ఆసుతో ఫ్లష్ ఉంటేనే నన్ను కొట్టగలరు. అందుకే ముక్కలు పడేసి ఫోల్డ్ చేశా.”

“ఆసు నా దగ్గరే ఉందిరా.”

“హమ్మయ్య! అయితే కరెక్టే చేశా.”

“ఆసు ఒక్కటే. దానికి జతగా ఇంకో ఆఠీను లేదు.”



“చేతిలో రెండు లేకపోతే ఫ్లషే కాదు కదే! నేనూ అంత పందెం కాసి కాల్ చేసుంటే?”

“ఈపాటికి ఓడిపోయి ఇంటికెళ్ళే టార్నీట్ ట్రైన్‌లో ఉండేదాన్ని.”

“మరి అంత ధైర్యం ఎలా చేశావు?”

వసుంధర కప్పు పక్కన పెట్టి లేచింది.

“ఇంకెవరైనా అయితే చేసేదాన్ని కాదు. నేను అబద్ధం చెప్పడం నువ్వెప్పుడూ చూడలేదుగా! పద, పిలుస్తున్నారు.”