గట్టు మీద పేడబండ్లు

అధ్యక్ష స్థానంలో ఉన్న పవర్‌హౌసు ఇంజనీరు దొరవారికి, పంచాయతీ పెద్దలకు, ఈ దినం పింఛను మీద పోతాండే మా చేపల ఇన్‌స్పెక్టరు ఏసురాజు సారుకు, మా బెస్తవీధి అక్కలకు, అన్నలకు మద్దిలేటి దండాలు. వల లాగేటోడి చేతికి మైకు ఇచ్చినారు, ఇంక కష్టమంతా మీదే. (నవ్వులు)

విందులో చేప లేదేమప్పా అని ఎవరో అడిగినారు. బెస్తోళ్ల ఇంట్లో విందుకు చేప లేకపోవడం సిగ్గే. లేక పెట్టలేదు, దాచుకొని కాదు.

పైన ఆనకట్ట కట్టకముందు ఏరు పొంగినప్పుడల్లా మా ఎర్రమడుగు చెరువులోకి ఒండ్రునీళ్లు వస్తాండె, ఆ ఒండ్రుకు పుట్టిన పాచి తిని బొచ్చె చేపలు దూడల మాదిరి పెరుగుతాండె. కరెంటు కోసం కట్ట కట్టినాక ఒండ్రంతా పైననే నిలిచిపోయె. మాకు తేటనీళ్లు వచ్చె. అద్దం మాదిరి ఉండాయని మేమూ మురిసిపోతిమి. కొన్నాళ్లకు వలలో పడిన చేపకు తలకాయే గానీ ఒళ్లు లేదు.

అప్పుడొచ్చినాడు ఈ సారు. "నీళ్లు ఇంత తేటగా ఉంటే చేపకు పస్తేనప్పా. పేడ తోలండి, గానుగ చెక్క వేయండి, పాచి పుడితేనే దానికి కూడు" అనె. మేము నవ్వినాము. మెట్టచేనికే పేడ చాలక ఏడుస్తాంటే చెరువులో పోసేదంట! తొలిబండి తోలింది భీమక్క. తనకున్న తుండు కొర్రచేనికి పెట్టుకున్న దిబ్బంతా ఎత్తి నీళ్లలో వంపింది. ఆ ఏడు ఆమె చేను పండలేదు. లే భీమక్కా, అందరికీ కనపడు. (చప్పట్లు)

సారు మాతో పాటు నీళ్లలో దిగి చేతులతో పేడ కలిపినాడు. ఆ కంపుకు సారుకు ఇంట్లో అమ్మగారు వసారాలోనే అన్నం పెట్టిందంట. (నవ్వులు) నవ్వండి, నిజమే. నీళ్లు పచ్చబడె. చేపకు ఒళ్లొచ్చె. ఇంక వల వేద్దామనుకుంటిమి.

ఆ ఎండాకాలమే, చెరువు కిందుండే పవర్‌హౌసులో మరలు తిప్పేదానికి నీళ్లు చాలవని ఆ ఆఫీసోళ్లు మా చెరువు తూము ఎత్తేసిరి. పేడా పోయె, పాచీ పోయె, చేపలు బురదలో కొట్టుకొని చచ్చె. సారు అర్జీలు పెట్టుకొని తిరిగి తిరిగి ఆయన చెప్పులు అరిగె. ఈ లైట్లు మంచివే, కాదనను. కానీ నాకు శానా కోపం ఉండాది దొరవారూ. శాలువా కప్పే పొద్దని దాచుకునేది నాకు చేతకాదు.

ఇప్పుడు గట్టు మీద మళ్లా పేడబండ్లు నిలబడి ఉండాయి. ఎద్దుల్ని ఇంకా విప్పలేదు. వంపమంటారా సారూ అని పొద్దున అడిగితి. ఆయన "ఎండాకాలం తూము మూసే ఉంచుతామని ఇంజనీరు గారు మాటిస్తే వంపు మద్దిలేటీ. ఇయ్యకపోతే నా మాట నమ్మి ఇంకోసారి చెడొద్దు" అనె. దొరవారూ, నలుగురి ముందర అడుగుతాండా. ఒక్క మాట చెప్పండి.

(అధ్యక్షులు పక్కనున్న గుమాస్తా చెవిలో ఏదో అన్నారు.)

పైవాళ్లను అడగాలంటారా? సరే.

భీమక్కా, బండ్లు చేన్లకు మళ్లించమని చెప్పు పో. సారూ, మా చేపల ఆకలి తెలిసిన ఆఫీసరు మీరొక్కరే. మీకు ఈడనే పెద్ద దండం పెడతాండా. ఓపికగా విన్నోళ్లందరికీ మేలు జరగనీ. రేపటి నించి మా వీధంతా కూలికి పోతాది. మీకూ, ఆ చెరువుకూ కలిపే చెప్తాండా, సెలవు.