గోడ అవతలి గొంతులు

మధ్యాహ్నం వేళ, హెడ్‌ఫోన్ల దుకాణం. అంతసేపూ ఈగలు తోలుకుంటున్న సేల్స్ అమ్మాయికి ఎట్టకేలకు ఒక్క బేరం తగిలింది. వచ్చినాయనకు యాభై దాటాయి, కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆయన పని.

“అది సరేనమ్మా, మాటల సంగతి చెప్పు. మాటలు పోతాయా, పోవా?”

“పోతాయి సార్. అన్నీ పోతాయి. పెట్టుకున్నారంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు.”

“అన్నీనా?”

“అన్నీ. ఇంతకీ ఎందుకు సార్ మీకు? ప్రయాణాలకా, ఆఫీసుకా, పాటలకా? దాన్నిబట్టి చూపిస్తా.”

“పాటలూ గీటలూ వినను. ఇంట్లో పనికి. పళ్ళు అరగదీస్తుంటే దుమ్ము లేస్తుంది. అదంతా ఛాతీలోకి పోతోందని డాక్టరు తిడితే, దుమ్ము లాగే మిషన్ కొన్నాను. దగ్గు తగ్గింది గానీ పొద్దస్తమానం ఒకటే హోరు. బుయ్‌మని.”

“అబ్బ! తల దిమ్మెక్కిపోతుందే!”

“తలకేంలే.”

“ఇంట్లో వాళ్ళకీ ఇబ్బందేగా? మేడమ్‌గారు ఏమీ అనరా?”

“నేనొక్కణ్ణే ఉంటాను. ఇది చెవిలోకి దూర్చేదా?”

“ఇయర్‌బడ్స్ సార్. తేలిగ్గా ఉంటాయి. కానీ రోజంతా అంటే చెవి నొప్పి పుడుతుంది. మీకు చెవి మొత్తం మూసేది కావాలి. ఇదిగో, పెట్టి చూడండి.”

“కళ్ళజోడు నొక్కేస్తోంది.”

“అయితే ఇది. మెత్త ఎంత మందమో చూడండి. మా షాపులో దీన్ని మించింది లేదు.”

“మెత్తగానే ఉంది... ఆఁ? ఏమన్నావ్?”

“వినపడలేదు కదా? అదీ దీని గొప్ప!”

“వద్దు. ఇది వద్దు.”

“అదేంటి సార్! ఇంతకన్నా బాగా మూసేది లేదు.”

“అందుకే... బరువుగా ఉందిలే. ఇంకోటి చూపించు.”

“ఇందాకట్నుంచీ మాటలు, మాటలు అంటున్నారు. పక్కింటి గోలా?”

“పక్కిల్లే. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, అదీ పలచన. వాళ్ళ చెంచా కింద పడ్డా నాకు తెలుస్తుంది.”

“ఎంతమంది సార్?”

“ఆరుగురు. పెద్దాయన, ఆవిడ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. పెద్దపిల్లకి లెక్కలు రావు. చిన్నదానివన్నీ దొంగేడుపులు. పెద్దాయనకి ఏదైనా రెండుసార్లు చెప్పాలి.”

“అమ్మో! బుర్ర తినేస్తున్నారన్నమాట. మాకూ అంతే సార్. ఐదుగురం, రెండు గదులు. నా మాట నాకే వినపడదు. జీతం రాగానే నేను కొనుక్కునేది ఇదే.”

“అదృష్టవంతురాలివి.”

“వెటకారమా సార్?”

“కాదమ్మా.”

“మరి వాళ్ళతో ఓ మాట చెప్పకపోయారా?”

“ఏమని చెప్పను? మెట్ల మీద ఎదురైతే నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అంతవరకే.”

“మరీ మొహమాటం మీకు. ఇంటి ఓనరుకైనా చెప్పండి.”

“అయ్యో వద్దు! అసలే తిక్కమనిషి, ఖాళీ చేయించినా చేయిస్తాడు. ఆ మాటే అనకు.”

“సరే సార్, మీతో నిజం చెప్పేస్తా. రేపొచ్చి పోట్లాడొద్దు. ఇవేవీ మాటల్ని పూర్తిగా ఆపలేవు. ఫ్యానూ, మోటారూ, మీ దుమ్ము మిషనూ, అలా ఒకే తీరున మోగే హోరుని ఇట్టే మింగేస్తాయి. మనుషుల గొంతు ఒక్క తీరున ఉండదు కదా, ఎంతోకొంత వినపడుతూనే ఉంటుంది.”

“అలాగా!”

“కోపం తెచ్చుకోకండి.”

“కోపమెందుకు? హోరు పోతుంది, మాటలు మిగులుతాయి. అంతేగా?”

“ఆ మందపు మెత్తదైతే మాటలు కూడా చాలావరకు...”

“దాని ఊసెత్తకు. పలచటిది లేదా?”

“ఇదుంది. కానీ మీకు పనికిరాదు. ఇక్కడ బటన్ చూశారా? నొక్కితే బయటి మాటల్ని లోపలికి పంపిస్తుంది. పనిలో ఉండగా ఎవరైనా పిలిస్తే వినపడాలి అనుకునేవాళ్ళు తీసుకుంటారు. మీకెందుకిది?”

“ఎవరైనా పిలిస్తేనా?”

“ఆఁ.”

“ఏదీ, ఇలా ఇవ్వు.”

“పక్కింటి గోల పోవాలన్నారు, తీరా ఇదేమో...”

“నేనెప్పుడన్నాను? నువ్వే అన్నావు. అమ్మా, ఒక పని చేసిపెడతావా? ఆ తలుపు వెనక మీ సామాన్ల గదేగా? లోపలికెళ్ళి తలుపేసుకుని ఏదైనా అను. అరవకు. ఇంట్లో వాళ్ళని పిలిచినట్టు. హోరుకి ఇక్కడ మీ ఏసీ ఉందిలే.”

“భలేవారే! సరే... ఒకటి, రెండు, మూడు. వినపడుతోందా సార్?”

“అంకెలు కాదమ్మా. ‘భోజనాలకి రండీ’ అను. చివర కాస్త సాగదియ్యి.”

“ఏంటీ?”

“భోజనాలకి రండీ. అంతే. పేర్లేమీ చెప్పకు.”

“మా మేనేజర్ వింటే నాకు పిచ్చెక్కిందనుకుంటాడు... భోజనాలకి రండీ!”

“ఇంకొక్కసారి.”

“భోజనాలకి రండీ! సార్? సార్! అదేంటి, తలుపు తీసి చూస్తే అలా నిలబడిపోయారు? పనిచెయ్యట్లేదా?”

“చేస్తోందమ్మా. అచ్చం అలాగే వినపడింది. ఇదే ఇచ్చెయ్.”

“ఇస్తాను గానీ, అలాగే అంటే ఎలా సార్?”

“పక్కింటావిడ రోజూ మధ్యాహ్నం అలాగే పిలుస్తుంది. అది వినగానే నేనూ పని ఆపి, చేతులు కడుక్కుని, ఆ గోడ పక్కనే కంచం పెట్టుకుంటాను. తొమ్మిదేళ్ళ అలవాటు. ఈ మిషన్ వచ్చాక ఆ పిలుపు వినపడట్లేదు.”

“ఆ వేళకి మిషన్ ఆపేసుకుంటే సరిపోతుందిగా సార్?”

“అదీ చేసి చూశాను. గోడకి చెవి ఆనించుకుని కాసుక్కూర్చుంటే అది దొంగచాటుగా వినడమే అవుతుందమ్మా. పనిలో మునిగి ఉండగా వస్తేనే పిలుపు. పదకొండు రోజులైంది... ఒక్కణ్ణే తింటున్నాను.”