ఫ్యాన్ ఆగేదాకా

(పన్నెండు కావస్తోంది. ముందుగదిలో బల్ల మీద మూత విప్పిన ప్రొజెక్టర్. అక్క, ప్రొజెక్టర్లు బాగుచేసే తమ్ముడు.)

“...మాడిపోవడం కాదక్కా, పేలింది. ఇదిగో గాజు పొడి. వేడిగా ఉండగా ప్లగ్ పీకొద్దని ఎన్నిసార్లు చెప్పాను?”

“నేనెందుకు పీకుతానురా? రిమోట్‌తో ఆపి, ఆ ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగేదాకా ఇక్కడే కూర్చుంటాను.”

“కూర్చుంటే ఇలా ఎందుకవుతుంది? ఫ్యాన్ ఆగకుండా కరెంటు తీస్తే వేడంతా లోపలే ఉండిపోతుంది. లాంపుకి అంతకంటే శత్రువు లేదు.”

“లేదంటున్నానా! పాప మీద ఒట్...”

“సర్లే. నమ్మాన్లే.”

“అలవాటు పోలేదురా. అది పోయి రెండేళ్లయినా నోట్లోంచి ఆ ఒట్టే వస్తుంది.”

“అక్కా, ఇలా చూడు. ఇదే ఆఖరి లాంపు. కంపెనీవాళ్లు ఈ మోడల్‌వి చెయ్యడం మానేశారు. మూసేసిన ట్యూషన్ సెంటర్లో పాత మిషన్ ఉంటే దాన్లోంచి తీసుకొచ్చా. ఇదీ పోతే ఇక నా వల్ల కాదు.”

“ఎన్నాళ్లొస్తుంది?”

“జాగ్రత్తగా వాడితే మూడు వేల గంటలు. వెలుగు తగ్గించి పెట్టుకో. మాటిమాటికీ ఆపి వెయ్యకు. గోడకి ఆనించకు, దానికీ ఊపిరాడాలి. పోనీ, పాప వీడియో ఫోన్లో చూసుకోవచ్చుగా?”

“ఫోన్లో బొటనవేలంత ఉంటుంది. గోడ మీదైతే నా నడుం దాకా వస్తుందిరా. ఆ పెన్సిల్ గీత చూడు, దాని తల సరిగ్గా అక్కడికి తగిలేలా సర్దింది నువ్వేగా.”

“ఊఁ.”

“ఆ సౌండూ చూడు. రోజూ దానంతటదే సున్నాకి పడిపోతోంది. వేసినప్పుడల్లా పెంచుకోవాలి.”

“దానంతటదే పడిపోదే. ఎవరో తగ్గిస్తే తప్ప.”

“ఇంట్లో ఎవరున్నారు తగ్గించడానికి? సరే, లాంపు బిగించి పెట్టెలో సర్దెయ్. దీంతోపాటు నేనూ వస్తున్నా మీ ఇంటికి.”

“రా, దానికేం. నాలుగు రోజులుండు.”

“నాలుగు రోజులు కాదు.”

“...బావకి చెప్పావా?”

“చెప్పడానికి అక్కడ మనిషుంటేగా! రాయిరా మీ బావ. సాయంత్రం నేను దీన్ని వెయ్యగానే చెప్పులేసుకుని బయటికి పోతారు. ఒక్కరోజు, ఒక్కరోజంటే ఒక్కరోజు పక్కన కూర్చోలేదు. మొన్న లాంపు పోయిందని నేను ఏడుస్తుంటే ‘పోనీలే’ అన్నారు. పోనీలేనట!”

“బావ మొదట్నుంచీ మాటకారి కాదు కదక్కా...”

“వెనకేసుకురాకు.”

“రావట్లేదు. ఆ స్క్రూ ఇటివ్వు. ఫిల్టర్ మాత్రం అద్దంలా ఉంది. బాగానే దులుపుతున్నావ్.”

“ఫిల్టరా? అదెక్కడుంటుంది?”

“ఇదిగో, ఈ పక్క జాలీ. చూపించాను కదా... కాదు. నీకు కాదు, బావకి చూపించా.”

“ఆయనా? దీని మీద చెయ్యి కూడా వెయ్యరు.”

“మరి నెలకోసారి దులపకపోతే ఇంత శుభ్రంగా ఉండదే. ఉండు. కొత్త లాంపు వెలిగింది, మీటరు సున్నా చేసేముందు పాతది ఎన్ని గంటలు వెలిగిందో చూద్దాం. రోజుకి ఎంతసేపు వేస్తావ్?”

“వీడియో ఎంతుంటే అంతే. అరగంట. రెండోసారి వెయ్యాలని ప్రాణం కొట్టుకుంటుంది, లాంపు అరిగిపోతుందని వెయ్యను.”

“పాతది పెట్టి పద్నాలుగు నెలలు. అంటే రెండొందల పై చిల్లర ఉండాలి.”

“ఎంతుంది?”

“గోడ మీద వచ్చింది, నువ్వే చదువు.”

“పదహారొందల... నలభై. తప్పు చూపిస్తోందేమో!”

“ఇది తప్పు చూపించదు. ఎవరో రోజూ నాలుగేసి గంటలు వేస్తున్నారు.”

“నాలుగు గంటలా? పగలంతా నేను ఇంట్లోనే ఉండనుగా!”

“నువ్వు బట్టల ఫ్యాక్టరీ నుంచి ఎన్నింటికొస్తావ్?”

“నాలుగున్నరకి.”

“బావ బస్సు డ్యూటీ దిగేది?”

“పన్నెండుకి. వచ్చి పడుకుంటారు. నేను గేటు తీసి వచ్చేసరికి మంచం మీదే ఉంటారు, అటు తిరిగి...”

“ఏంటక్కా?”

“బల్ల వెచ్చగా ఉండేదిరా. నేనొచ్చేసరికి రోజూ వెచ్చగా ఉండేది. ఎండకనుకున్నా.”

“గేటు చప్పుడు వినగానే ప్లగ్ పీకేస్తున్నాడన్నమాట.”

“మరి ఆ సౌండెందుకు తగ్గించడం? ఇంట్లో ఎవరూ... అయ్యో!”

“ఏమైంది?”

“ఆ వీడియో తీసింది ఆయనే. అది చేతులతో గోడ మీద కుక్క నీడ, కుందేలు నీడ వేస్తూ ‘నాన్నా, చూస్తున్నావా?’ అంటుంది. పదిసార్లంటుందిరా. ఆయన తీస్తూనే పక్కనున్న కండక్టర్‌తో డ్యూటీ గొడవలు చెప్పుకుంటుంటారు. ఒక్కసారి కూడా జవాబివ్వరు.”

“అక్కా, ఏడవకు.”

“రాయన్నాను రా ఆయన్ని. నా నోరు పడిపోను. ఎదురుగా అన్నాను, ‘మీకు గుండె లేదు’ అని.”

“ఊరుకో. గేటు చప్పుడైంది.”

“వెయ్యి.”

“ఇప్పుడా? పెట్టె సర్దమన్నావ్...”

“వీడియో వెయ్యరా. సౌండు పెంచు.”

“ఏంటీ, నువ్వు డ్యూటీకి పోలేదా? ఏరా బావమరిదీ, ఎప్పుడొచ్చావ్? లాంపు దొరికిందా... వద్దు. ఆపు. ఆపరా ముందు. ప్లగ్ ఎక్కడ...”

“పీకకండి! ఏమండీ, మీకు దణ్ణం పెడతా, పీకకండి. ఇదే ఆఖరి లాంపు. ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి.”

“నా వల్ల కాదే.”

“నా వల్లా కావట్లేదు. అయినా కూర్చోండి.”

“నాన్నా! ఇదిగో కుందేలు. చూస్తున్నావా?”

“మిమ్మల్నే అడుగుతోంది అది.”

“...చూస్తున్నా తల్లీ. రోజూ చూస్తున్నా.”