బ్యాలెట్ కాయితం మీద ఆవిడ పేరు

బై ఎలక్షనా? రా రిషితా, ఆ లీఫ్‌లెట్లు అక్కడ పడేసి కూర్చో. ఓటు మాత్రం అడక్కు, నేను వెయ్యను. మాస్టర్స్ చదువుకుంటూ ఈ షెఫీల్డ్ కొండలెక్కి ఇంటింటికీ తిరుగుతున్నావు, సంతోషం. ఇప్పుడెవరు, కౌన్సిలర్ రాజీనామా చేశాడా? మా రోజుల్లో ఒకాయన పోయాడు, పాపం, మీటింగునించి ఇంటికొచ్చి కుర్చీలోనే. ముప్పై ఏళ్ళ పైమాటే. ఆ సీటుకి బై ఎలక్షన్ పెడితే మీ ఆంటీ నిలబడింది. అవునమ్మా, ఆ ఫోటోలో ఉన్నావిడే. పార్టీ లేదు, గీర్టీ లేదు. మా వీధి లైబ్రరీ మూసేస్తారటని కోపం, అంతే. ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరేది. పేరంటానికి పిలిచినట్టు! తలుపు తట్టడం, ఇంటావిడకి బొట్టు పెట్టడం, "గురువారం తప్పకుండా రావాలి" అనడం. నేను తల పట్టుకున్నాను. "ఏమోయ్, ఈ దొరసానులకి బొట్టేవిఁటి, తెనాలనుకున్నావా?" అంటే, "కాయితం తలుపులో తోసి పోతే పిలిచినట్టా? మీరు ఊరుకోండి" అని కసిరేది. గురువారం, పోలింగు రోజు, పొద్దున మళ్ళీ ఓ చుట్టు తిరిగొచ్చింది. చూడాలి నువ్వు, ముసలమ్మలు టోపీలు సర్దుకుని, నుదుట బొట్టుతో, చర్చి హాలు ముందు క్యూ! పైగా వచ్చినవాళ్ళకి పెడతానని పులిహోర కలిపింది. పక్కింటి పోస్ట్‌మాన్ పరిగెత్తుకొచ్చి, "నో నో లవ్, ఓటర్లకి తిండి పెడితే కేసవుతుంది!" అన్నాడు. ఈ ఊళ్ళో అందరూ అందర్నీ 'లవ్' అనే పిలుస్తారుగా. "పిలిచిన మనుషుల్ని ఉత్త నోటితో పంపడమేవిఁటండీ" అని ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. ఆ గిన్నెడు పులిహోర మేమిద్దరమే ఆదివారం దాకా తిన్నాం.

ఆఁ, గెలవలేదు. లైబ్రరీ కూడా మూసేశారు. అది కాదు నే చెప్పేది. ఆ రోజు లోపలికెళ్ళి బ్యాలెట్ విప్పితే, ఇంగ్లీషు పేర్ల మధ్య అచ్చులో ఆవిడ పేరు. పెళ్ళయి అన్నేళ్ళయినా నేను పేరు పెట్టి పిలిచింది లేదమ్మా. మా ఇళ్ళల్లో అలవాటు లేదు. ఏమోయ్, ఇదిగో, అంతే. పెన్సిల్ పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాను, టేబుల్ దగ్గరావిడ "ఆర్ యూ ఆల్‌రైట్, లవ్?" అని అడిగేదాకా. ఇంటికెళ్ళాక ఒక్కసారి పిలుద్దామనుకున్నాను. సిగ్గేసింది.

ఆవిడ పోయాక కూడా ఒకట్రెండు ఎన్నికలకి వెళ్ళాను. కాయితం చేతికిస్తే ఎవరికెయ్యాలో చూడను, ఆ పేరు వెతుకుతాను. ఉండదని తెలుసు. అయినా పైనించి కిందిదాకా వెతుకుతాను. గుర్తు పెట్టకుండానే మడిచి పెట్టెలో వేసి వచ్చేశాను. ఇంక మానేశాను. మీవాడు మంచివాడే అయ్యుంటాడు, కాదనను. నాకు ఆవిడ కావాలమ్మా.

పుష్పలీలా.

చూశావా, ఎంత తేలిగ్గా వచ్చేసిందో... అరె, వాన మొదలైనట్టుంది. గొడుగు తెచ్చుకున్నావా?