పంతొమ్మిది మెట్ల హార్మోనియం

హలో… ఆయ్, శారోన్‌నే అన్నయ్యా… రాజోలులోనే ఉన్నాను. చెప్పండి.

బాగానే ఉన్నాం… నాన్నగారు కూడా. బయట వరండాలో కూర్చున్నారు, నేను లోపల గదిలో ఉన్నాను.

చూసేనండి. మీ కాలేజీవాళ్లు పెట్టిన వీడియో… మొత్తం చూసేను. మళ్లీ ఇంకోసారి చూసేను.

కోపమా… ఏమో, కోపమేనేమో. ముందు నన్ను చెప్పనివ్వండి.

స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని మనం పన్నెండు సమానమైన మెట్లు చేసుకున్నాం. పంతొమ్మిది చేసుకోవచ్చు, ఇరవై రెండు చేసుకోవచ్చు, ముప్ఫై ఒకటీ చేసుకోవచ్చు. ఏది మంచిదో, ప్రధాన సంఖ్యల లెక్కల్లో వచ్చే జీటా ఫంక్షన్ గ్రాఫు చెప్పేస్తుంది. మంచి లెక్క వచ్చిన చోటల్లా పైకి లేస్తుంది, ఎంత ఎత్తు లేస్తే దానికంత పెద్ద ర్యాంకు… ఇదేగా మీరు స్టేజీ మీద చెప్పింది?

ఎవరి మాటలండి అవి?

… పుస్తకాల్లో ఉందని నాకూ తెలుసు. ఆ గ్రాఫు నేను కనిపెట్టేనని అనట్లేదు. మరి కొబ్బరితాడు ఏ పుస్తకంలో ఉంది? తాడుకి సమానంగా ముడులేసుకుంటూ పోతే, ఎన్ని వేస్తే అవి అసలు స్వరాల మీద పడతాయో… సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటి నర్సాపురం వెళ్తుంటే నేను మీకు చెప్పిన మాట అది. తాడు కూడా మార్చలేదు మీరు.

మర్చిపోయేరా… నవ్వేరు కూడా.

ఆయ్, ఆ రోజే. జీటాకీ పాటకీ ఏంటే సంబంధం, ఎమ్మెస్సీ చదివి ఇవేం పిచ్చి లెక్కలు, ఆ పంతొమ్మిది మెట్ల హార్మోనియం చర్చిలో పెడితే సంఘపెద్దలు నవ్విపోతారు, ఆ రీడ్లు తీసెయ్యి అన్నారు. నేను హైస్కూలు టీచర్ని, మీరు కాలేజీ లెక్చరరు. పైగా సొంత పెద్దమ్మ కొడుకు. నా మంచికే అన్నారనుకున్నాను.

… శనివారం హార్మోనియం తేవాలా?

ఓహో. వీడియో చూసినవాళ్లు ఆ పంతొమ్మిది మెట్లూ ఎలా పలుకుతాయో వినాలంటున్నారా. అందుకా ఫోను.

కారు పంపక్కర్లేదండి. ఆ హార్మోనియం లేదు.

… పెట్టె ఉంది. లోపల పలికే ఆ ఇత్తడి రీడ్లు లేవు. మీరు తీసెయ్యమన్నారు, తీసేసేను. మళ్లీ పన్నెండుకే కట్టించేం. ఆదివారం దాని మీదే వాయిస్తున్నాను. అందరికీ బాగానే ఉంటుంది, నా చెవికే ఎక్కదు.

… పాత ఇత్తడి కొనేవాడికి ఇచ్చేసేం. నాన్నగారే ఇచ్చేరు, ఇంట్లో ఉంటే చూడలేకపోతున్నానని. ఒక్కో రీడూ ఆకురాయితో గీకి గీకి శ్రుతి చేసింది ఆయనేగా. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయన్నయ్యా, టీగ్లాసు కూడా సరిగ్గా పట్టుకోలేరు. మళ్లీ ఎవరు చేస్తారు?

సారీనా…

వద్దండి. చివర్లో థాంక్స్ చెప్పే పేర్లలో నా పేరెందుకు? నా లెక్క ఎత్తుకుపోయినా ఊరుకుందును. పనికిరాదని నాచేతే పీకించి, అప్పుడు మీరు తీసుకున్నారు చూడండి… మోసం చేసేరు నన్ను.

… లేదు, నాన్నగారికి తెలీదు. మా విజయకుమార్ కాకినాడలో ఎంత గొప్పగా మాట్లాడేడో అని చర్చిలో కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. ఇంట్లో ప్రార్థనలో మీ పేరు తీస్తున్నారు. వింటూ ఆమెన్ అంటున్నాను నేను.

నేనెందుకు చెప్తాను? నా నోటికి రాదు. మీరే చెప్పండి… ఆయ్, ఇప్పుడే. ఉండండి, వరండాలోకి వెళ్లి ఇస్తున్నాను.

నాన్నా, విజయకుమారన్నయ్య. మీతో ఏదో చెప్పాలంట… వద్దు, మీరు పట్టుకోకండి, నేను చెవి దగ్గర పెడతాను. ఊఁ, మాట్లాడండి.

… ఏంటి, వినబడట్లేదా? ఉండండి, నేను చూస్తాను.

హలో… అన్నయ్యా… హలో…

పెట్టేసేడు నాన్నా.